ఎముకలు చెప్పిన చుట్టరికము

బాతుముక్కు డైనోసారు అను పేరు వినగానే అది బాతుల వంశమునకు మూలమై యుండునని తోచుట సహజము. ఆ ఊహ ఎంతవరకు నిజమో నేటి ప్రసంగమున ఎముకల సాక్ష్యముతో వివరింపదలచితిమి.

ఈ కుటుంబమునకు పేరు నిచ్చిన హాడ్రోసారసు ఎముకలను 1858లో విలియం పార్కర్ ఫౌల్కు అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున, హాడన్‌ఫీల్డు అను ఊర త్రవ్వించెను. అవి సుమారు 8 కోట్ల సంవత్సరముల నాటి సముద్రపు మట్టిలో దొరకినవి. వానిని పరీక్షించినవాడు ఫిలడెల్ఫియా శాస్త్రజ్ఞుడు జోసెఫ్ లైడీ. కాలి ఎముకలు, తుంటి, వెన్నుపూసలు, పళ్ళు, దవడ ముక్కలు ఆయనకు లభించినవి, పుర్రె లభింపలేదు. అయినను పళ్ళ తీరును బట్టి ఇది శాకాహారి యనియు, ఇంగ్లండులో అంతకు ముందే దొరకిన ఇగ్వానొడానుకు చుట్టమనియు ఆయన గ్రహించెను. ముంగాలి ఎముకలు వెనుకకాలి ఎముకలకంటె చాల చిన్నవి. కావున ఇది వెనుకకాళ్ళపై లేచి నిలువగలదని చెప్పెను.

1868లో హాకిన్సు అను శిల్పి ఆ ఎముకలను కూర్చి ఫిలడెల్ఫియాలో నిలబెట్టెను. ప్రపంచమున ఇట్లు నిలబెట్టబడిన మొదటి డైనోసారు ఇదియే. లేని తలను ఇగ్వానా అను బల్లి తలను చూచి మలచెను. తోకను కంగారు తోకవలె నేలకు ఆనించెను. ఈ రెండును పిమ్మట నిలువలేదు. బంధుజాతుల పూర్ణ అస్థిపంజరములు దొరకిన తరువాత మూతి వెడల్పైన ముక్కుగ నుండెననియు, వెన్ను వెంట స్నాయువులు ఎముకవలె గట్టిపడుటచే తోక వ్రాలక వెనుకకు చాగియుండెననియు తేలినది.

ఇక బాతు సంగతి. బాతుకు పళ్ళు లేవు. ఈ జంతువుల దవడలలోనో, ముక్కు వెనుక వందలకొలది పళ్ళు దగ్గరగ పేర్చినట్లుండి, తిరుగలివలె ఆకులను నూరెడివి. అరిగినవాని స్థానమున క్రొత్తవి వచ్చెడివి.

తుంటిలో ఒక యెముక మాత్రము పక్షులకువలె వెనుకకు తిరిగియున్నది. అందుచేతనే ఈ శాఖకు పక్షితుంటి డైనోసారులని పేరు. అయితే పక్షులు ఈ శాఖలో పుట్టలేదు! బల్లితుంటి శాఖలో, రెండుకాళ్ళపై నడచిన మాంసాహారుల వంశమున పుట్టినవి. వానిలో ఆ యెముక వేరుగ వెనుకకు తిరిగినది.

కావున ఒక్క పోలికను చూచి చుట్టరికము కలుపరాదు. పళ్ళు, తుంటి, కాళ్ళు, వెన్ను అన్నియు కలిపి తూచవలెను. పళ్ళను చూచి లైడీ చెప్పిన బంధుత్వము నేటికిని నిలచియున్నది. హాడ్రోసారసు పుర్రె మాత్రము నేటికిని దొరకలేదు.