‘వ్యక్తులందరూ’ అన్నారు గదా!



మీ ఇంటి పన్ను రసీదు ఎవరి పేరు మీద వస్తుందో ఎప్పుడైనా చూశారా? చాలామంది ఇళ్లలో అది వారి పేరు మీదే ఉంటుంది. ఒకప్పుడు ఆస్ట్రేలియాలో పన్ను పుస్తకంలో తమ పేరు ఉన్నందువల్లే కొందరు ఆడవాళ్లు ఓటు వేయగలిగారు. ఆ సంగతి చెబుతాను.

విక్టోరియా అప్పట్లో ఇంగ్లీషువారి వలస రాజ్యం. 1851లో అక్కడ బంగారం బయటపడింది. మెల్‌బోర్న్‌కు సుమారు 120 కిలోమీటర్ల దూరంలో, ఆ బంగారు నేలల మధ్య పెరిగిన ఊరు కాసిల్‌మెయిన్. 1859లో శాసనసభకు ఆ ఊరి పేరుతో ఒక నియోజకవర్గం ఏర్పడింది. ఓటు మాత్రం మగవాళ్లకే.

1863లో కొత్త ఎన్నికల చట్టం చేస్తూ, మునిసిపాలిటీకి పన్ను కట్టే ‘వ్యక్తులందరికీ’ ఓటని రాశారు. రాసినవారి మనసులో ఉన్నది మగవాళ్లే. కాని పన్ను పుస్తకంలో ఆడవాళ్ల పేర్లూ ఉన్నాయాయె! పెళ్లయిన స్త్రీ ఆస్తి చాలావరకు భర్తదే అయిపోయే రోజులవి. కనుక అలా పన్ను కట్టేవారిలో భర్త పోయినవారు, పెళ్లికానివారే ఎక్కువమంది అయివుండాలి. మన మద్రాసు రాజధానిలో 1921లో స్త్రీలకు ఓటు వచ్చినప్పుడు మాత్రం? ఆస్తీ పన్నూ ఉన్నవారికే గదా!

1864లో ఎన్నికలు వచ్చాయి. కాసిల్‌మెయిన్ నియోజకవర్గంలో ఒక పోలింగు కేంద్రం ముందు గుర్రబ్బండి ఒకటి ఆగింది. దాన్నిండా ఆడవాళ్లే. చక్కగా దిగారు, లోపలికి వెళ్లి ఓట్లు వేసి వచ్చారు. మెల్‌బోర్న్‌లోని ఆర్గస్ పత్రిక దీన్నొక వింతగా రాసింది. అందరూ జీల్ అనే బ్రహ్మచారి అభ్యర్థికే వేశారని చమత్కారం కూడా చేసింది. విక్టోరియాలో రహస్య ఓటు 1856లోనే వచ్చింది. మరి ఎవరికి వేశారో ఆ విలేఖరికి ఎలా తెలిసిందో! ఏమైతేనేం, జీల్ గెలిచాడు.

పెద్దలు ఊరుకోలేదు. 1865లో చట్టం దిద్ది ‘పురుషులు’ అన్న మాట చేర్చారు. ఒక్క మాటతో వచ్చిన హక్కు మరో మాటతో పోయింది. 1891లో దాదాపు 30,000 మంది స్త్రీలు సంతకాలు చేసి అర్జీ పెట్టుకున్నారు. ఆ కాగితాలను గుడ్డకు అతికిస్తే సుమారు 260 మీటర్ల చుట్ట అయింది. అయినా విక్టోరియా శాసనసభకు స్త్రీలకు ఓటు వచ్చింది 1908లో. అప్పటికి ఆ కాసిల్‌మెయిన్ నియోజకవర్గమే లేదు, 1904లో రద్దయిపోయింది.

ఆనాటి వార్తలో జీల్ పేరుంది. బండిలో వచ్చినవారిలో ఒక్కరి పేరూ లేదు.