పట్టభద్రులు – రూపకల్పన విద్య
(జవళగిరి తెలుగువారి సమావేశమున గావించిన ప్రసంగపాఠము)



ఉన్నత విద్య నభ్యసించు మన యువకులు ఈ మధ్య ‘డిజైన్ థింకింగ్’ అను మాటను ఇండ్లకు తెచ్చుచున్నారు. అది బొమ్మలు గీయు విద్య యని తలంచి, పట్టభద్రుడైన కుమారుడు మరల రెండేండ్లు దానికై వెచ్చింపవలయునా యని పెద్దలు కొందరు సందేహించుచున్నారు. సందేహము సహజమే. ఆ విద్య యేమి నేర్పునో, దానితో మనకేమి పనియో విన్నవించెదను.

దానికి అయిదు మెట్లు కలవు. కష్టపడువాని చెంతకు పోయి వినుట మొదటిది. అసలు చిక్కు ఏదో నిర్ణయించుట రెండవది. ఉపాయములు పెక్కు వెదకుట మూడవది. చవుకగా నమూనా చేయుట నాలుగవది. దానిని వాడువారి చేతికిచ్చి పరీక్షించుట అయిదవది. పరీక్షలో తప్పినచో మరల వెనుకటి మెట్టునకు పోవలయును.

ఒక ఉదాహరణము చెప్పెదను. 2007లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున కొందరు స్నాతకోత్తర విద్యార్థులకు, నేపాలు దేశమునకై చవుకైన ఇంక్యుబేటరును కల్పింపుడని పని యొసగిరి. వారిలో ఒకడు నేపాలుకు పోయి చూచెను. ఆసుపత్రిలో ఇంక్యుబేటర్లు కలవు, కాని అవి ఖాళీగా నున్నవి! నెలలు నిండని శిశువులు దూరపు పల్లెలలో పుట్టి, ఆసుపత్రికి చేరకయే మరణించుచుండిరి. అంతట ప్రశ్నయే మారిపోయెను. ‘చవుకైన పెట్టె నెట్లు చేయుదము?’ అనుటకు బదులు, ‘పల్లెలోని తల్లి తన బిడ్డ నెట్లు వెచ్చగా నుంచుకొనగలదు?’ అని వారు అడిగిరి. ఫలితముగా ‘ఎంబ్రేస్’ అను చిన్న సంచి పుట్టెను. అందలి మైనమువంటి పదార్థమును కరగించినచో కొన్ని గంటలు వెచ్చదనము నిలుచును. పిమ్మట వారు బెంగళూరునకు వచ్చి పనిచేసిరి. మహారాష్ట్రలోని ఒక పల్లెలో నమూనాను చూపగా, 37 డిగ్రీలు చూపవలసినచోట తాను 30తో ఆపెదనని ఒక తల్లి చెప్పెను. విదేశపు మందులు మిక్కిలి తీవ్రమని ఆమె భయము! వెంటనే వారు అంకెలు తీసివేసి, ‘సరి’, ‘సరి కాదు’ అను గుర్తులు మాత్రము ఉంచిరి. ఆ తల్లి మాట వినకున్నచో ఎంత మంచి యంత్రమైనను నిష్ఫలమే గదా!

కళాశాలకు పోకయే ఇట్టి పని చేసినవారు లేరా యని మీరడుగవచ్చును. కలరు. తెలంగాణమున ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశము ఆరవ తరగతితో చదువు చాలించెను. పోచంపల్లి చీరలకై ఆసు పోయుచు వేలమార్లు చేయి తిప్పి బాధపడుచున్న తల్లిని చూచి, ఏండ్ల తరబడి శ్రమించి, 1999లో ఆసుయంత్రమును సాధించి, దానికి ఆమె పేరిట ‘లక్ష్మి’ యని నామకరణము చేసెను. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించెను. తల్లిపై ప్రేమను ఏ కళాశాలయు నేర్పజాలదు. కాని ఒంటరివానికి ఏండ్లు పట్టు పనిని, తోటివారితో, పనిముట్లతో, చిన్న నమూనాలతో త్వరగా సాగించు పద్ధతిని నేర్పగలదు.

ఇక మన జవళగిరి మాట. రాగి పంట చేతికి వచ్చువేళ బన్నేరుఘట్ట వైపునుండి ఏనుగుల మందలు వచ్చుట మనమెరిగినదే. పట్టణపు విద్యార్థి ‘కంచె వేయుడు’ అనును. మంచెపై రాత్రియంతయు మేల్కొనువాని నడిగిన విద్యార్థికో, వేరు ప్రశ్నలు తోచును. కాపాడవలసినది చేనా, కాపరి ప్రాణమా? కావలసినది కంచెయా, మందవచ్చు వార్త ముందుగా తెలియుటయా? ఒక్కొక్క ప్రశ్నకు ఒక్కొక్క ఉపాయము.

ఇచటనే మన పిల్లలకు ఒక మేలు కలదు. ఈ సీమలో ఒక యింట తెలుగు, పొరుగింట కన్నడము, వీధిలో తమిళము వినిపించును. మూడును వినగలవాడు మొదటి మెట్టు అప్పుడే ఎక్కినవాడు. కాని ఇంటి భాషను మరచిన పట్టభద్రుడు తన అవ్వ చెప్పు కష్టమును దుబాసి ద్వారా వినవలసి వచ్చును. కష్టము చెప్పుకొనువారు నేర్చిన భాషలో గాక పుట్టిన భాషలోనే చెప్పుకొందురు.

అహమదాబాదులో 1961లో నెలకొల్పిన జాతీయ రూపకల్పన సంస్థయు, మనకు చేరువనే బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థయు, హైదరాబాదులోని ఐ.ఐ.టి.యు ఈ విద్యను గరపుచున్నవి. పలు సంస్థల ప్రవేశమునకు ‘సీడ్’ అను పరీక్ష కలదు. పట్టభద్రులు దానిని వ్రాయవచ్చును. ఆయా సంస్థల నియమములను ముందుగా విచారించుకొనవలయును.

పెద్దలారా, కుమారుడో కుమార్తెయో ఈ చదువు కోరినచో వెంటనే కాదనకుడు. ‘మన ఊరిలో ఎవరి కష్టమును విని వచ్చితివి?’ అని అడుగుడు. సమాధానము చెప్పగలిగినచో నిశ్చింతగా పంపుడు. చెప్పలేకున్నచో మొదట మంచె యొద్దకు పంపుడు.