జబ్బుపడిన బిడ్డ నిద్ర

"ఆకలి రుచి యెరుగదు, నిద్ర సుఖ మెరుగదు" అని మన పెద్దలు చెప్పుదురు. ఈ మాట ఆరోగ్యవంతునికి చెల్లును. జబ్బుపడిన పసిబిడ్డకు మాత్రము మెత్తని పక్కయు, తల్లి యొడియు ఉన్నను నిద్ర పట్టని రాత్రులుండును. రోగము వలన నిద్ర చెడునని అందరు నెరుగుదురు. రోగమును కుదుర్చుట కిచ్చు మందు వలన కూడ నిద్ర చెడవచ్చునని యెరిగినవారు తక్కువ. నేను చిన్నపిల్లల వైద్యము చేయువాడను. ఈ విషయమై తలిదండ్రులకు చెప్పవలసి వచ్చిన సంగతులనే నేడు మీకును మనవి చేయదలచితిని.

బిడ్డ కెంత నిద్ర కావలెను? ఒకటి రెండేండ్ల ప్రాయమున దినమునకు 11 మొదలు 14 గంటలును, మూడు నాలుగేండ్ల ప్రాయమున 10 మొదలు 13 గంటలును అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తెలిపినది. పగటి కునుకు కూడ ఈ లెక్కలోనిదే. ఒక రాత్రి నిద్ర తగ్గినంతమాత్రమున భయపడ నక్కరలేదు. కాని వరుసగా పది రాత్రులు చెడినచో బిడ్డ చిరచిరలాడును, తిండికి మారాము చేయును. తల్లిదండ్రులకు ఓపిక నశించును. అట్టి సమయమున ఇంటివారు రెండు తప్పుదారులలో నొకటి పట్టుచుందురు. మందు మానివేయుట యొకటి; నిద్ర కొరకు మరియొక మందు పోయుట రెండవది. రెండును ప్రమాదకరములే.

ఒక వ్యాధిని ఉదాహరణముగా తీసికొందము. నెఫ్రోటిక్ సిండ్రోమ్ అను మూత్రపిండముల జబ్బు తరచుగా రెండు మొదలు ఆరేండ్ల పిల్లలకు వచ్చును. ఉదయము లేచునప్పటికి కనురెప్పలు ఉబ్బియుండును; క్రమముగా కాళ్లకు, కడుపునకు నీరు పట్టును. రక్తములోని మాంసకృత్తులు మూత్రముతో కొట్టుకొనిపోవుట దీని లక్షణము. ప్రెడ్నిసొలోన్ అను స్టిరాయిడు దీనికి ముఖ్యమైన మందు. జబ్బు మొదటిసారి వచ్చినపుడు ఆరు వారములు ప్రతిదినమును, పిదప ఆరు వారములు దినము విడిచి దినమును ఇచ్చుట నేడు మన దేశమున అనుసరించు పద్ధతి. పెక్కుమంది పిల్లలకు కొలది వారములలోనే గుణము కనిపించును.

అయితే ఆ మందుతో ఆకలి హెచ్చును, ముఖము గుండ్రనగును, కోపము పెరుగును, నిద్ర తగ్గును. నిద్ర ఏల తగ్గును? మన మూత్రపిండములపై టోపీలవలె రెండు చిన్న గ్రంథులున్నవి. అవి కార్టిసాల్ అను రసమును తయారుచేయును. ఆ రసము రక్తములో తెల్లవారుజామున పెరిగి, మేలుకొను వేళకు మిక్కుటమై, నడిరేయికి మిగుల తగ్గును. ప్రెడ్నిసొలోన్ ఆ రసమునకు దగ్గరి చుట్టము. దానిని రాత్రి భోజనము తరువాత ఇచ్చుట యనగా, పండుకొనవలసిన శరీరమునకు తెల్లవారినదని చెప్పుటయే. అందుచేతనే రోజున కొక్కసారి ఇచ్చు మోతాదును సామాన్యముగా ఉదయము, ఆహారము తరువాత ఇమ్మందురు.

నా యొద్దకు ఒక నాలుగేండ్ల బాలుని తీసికొనివచ్చిరి. వాడు రాత్రి రెండు గంటలవరకు మేలుకొని, అన్నము పెట్టుమని యేడ్చుచుండెను. దిష్టి తగిలినదని ఇంటి పెద్దలు ఉప్పు దిగదుడిచిరి. విచారింపగా, కడుపు నిండ తినునది రాత్రియే గదా యని మాత్రలు అప్పుడు వేయుచున్నట్లు తెలిసినది. ఆ తల్లి విసిగి మందు మానివేయలేదు, "మానవచ్చునా?" అని అడుగుటకు వచ్చినది. ఆ ప్రశ్నయే బిడ్డను కాపాడినది. మోతాదు మార్చకుండ వేళను మాత్రము ఉదయము ఎనిమిది గంటలకు మార్చితిమి. కొలది దినములలో నిద్ర చాలవరకు కుదిరినది.

మానివేసిన నేమగును? స్టిరాయిడు వారముల తరబడి బయటినుండి వచ్చుచుండగా, శరీరములోని గ్రంథులు తమ పనిని తగ్గించుకొనును. మందు హఠాత్తుగా ఆగినచో అవి వెంటనే మేలుకొనజాలవు. బిడ్డ నీరసించును, వాంతులు చేసికొనును, రక్తపుపోటు పడిపోయి ప్రాణమునకే ముప్పు రావచ్చును. కావున మందు తగ్గించుట గాని, మానుట గాని, వేళ మార్చుట గాని వైద్యుని మాటపైననే జరుగవలెను.

ఇక రెండవ దారి. మన దేశమున పూర్వము పసిబిడ్డలు పండుకొనుటకై నల్లమందు నలుసు పెట్టు ఆచార ముండెను. దానివలన పోయిన ప్రాణము లున్నవి. నేడు ఆ స్థానమున జలుబు సిరపు వచ్చినది. ప్రొమెథజీన్ అను మందు రెండేండ్లలోపు బిడ్డకు ఇయ్యరాదు. ఊపిరి మందగించి మరణము కూడ సంభవింపవచ్చును. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందును నాలుగేండ్లలోపు పిల్లలకు వాడరాదని మన దేశపు ఔషధ నియంత్రణాధికారులు 2023లో హెచ్చరించిరి. ఇట్టి మత్తుమందులచే కొందరు పిల్లలు పండుకొనుటకు మారుగా మరింత అల్లరి చేయుదురు. మత్తు వేరు, నిద్ర వేరు.

నిద్ర చెరచు మందులు ఇంకను కలవు. ఉబ్బసమునకు పీల్చు సాల్బుటమాల్ కొంతసేపు గుండెదడను, చేతివణకును కలిగింపవచ్చును. మాంటెలుకాస్ట్ వలన కొందరికి పీడకలలు, చిరాకు, ప్రవర్తనలో మార్పు కలుగునని 2020లో అమెరికా ఔషధశాఖ గట్టి హెచ్చరిక చేసినది. అట్టివి కనబడినచో ఆలసింపక వైద్యునికి తెలుపవలెను. నీరు తీయు మందును సాయంకాల మిచ్చినచో బిడ్డ రాత్రియంతయు మూత్రమునకు లేచుచునే యుండును.

అయినను ప్రతి జాగరణకును మందుపై నేరము మోపరాదు. రాత్రి దగ్గు, పిల్లికూతలు ఉబ్బసము లొంగలేదనుటకు గుర్తులు కావచ్చును. ఒంటికి నీరు పట్టిన బిడ్డకు జ్వరముతో కడుపునొప్పి వచ్చినను, పండుకొన్నపుడు ఆయాసము వచ్చినను, లేపినను సరిగా లేవకున్నను తెల్లవారువరకు వేచియుండక ఆసుపత్రికి కొనిపోవలెను.

మరి మంచి దారి యేది? నెఫ్రోటిక్ పిల్లల ఇండ్లలో మూత్రపరీక్ష ఫలితము వ్రాయు పుస్తక ముండును. అందులో మరి మూడు గడులు గీయుడు: మందు ఇచ్చిన వేళ, నిద్రపట్టిన వేళ, రాత్రి మేలుకొన్న మారులు. ఒక వారము వ్రాసినచో, "బిడ్డ అసలే నిద్రపోవుట లేదు" అనుమాటకంటె వైద్యునికి అది వేయిరెట్లు ఉపకరించును. సాయంకాలము పెందలకడ ఉప్పు తగ్గించిన భోజనము పెట్టుడు. పండుకొనుటకు గంట ముందుగా సెల్‌ఫోను దాచి, దీపము తగ్గించి, ప్రతిదినము ఒకే వేళకు పక్క వేయుడు. రాత్రి కాపలాను తల్లికే విడువక తండ్రియు పంచుకొనవలెను. నిద్రలేని కన్నులకు మందు సీసాపై గీత సరిగా కనబడదు.

ఇకముందు వైద్యుడు మందు చీటి చేతికిచ్చునపుడు మూడు ప్రశ్నలు అడుగుడు: "ఈ మందు నిద్రను చెరచునా? ఏ వేళకు ఇయ్యవలెను? ఒక పూట తప్పినచో ఏమి చేయవలెను?" అడుగుటకు సంకోచపడకుడు. వానికి ఉత్తరము చెప్పుట వైద్యుని ధర్మము.