రైలు విడిచిన బాట

నల్లకుంటలో మా యింటికి విద్యానగరపు రైలుకూత వినవచ్చుచుండును. ఆ దారిని నేటికిని బండ్లు నడచుచున్నవి. కావున దాని జోలికి నేను పోను. బండ్లు నిలిచిపోయిన కట్ట లేమగునన్నదే నేటి ప్రసంగము.

అమెరికాలో వర్జీనియా రాష్ట్రమున వాషింగ్టన్ అండ్ ఓల్డ్ డొమినియన్ అను రైలుదారి యుండెను. 1968 లో అది మూతపడినది. పిమ్మట పట్టాలు తొలగిన కట్టను 1988 నాటికి ఆర్లింగ్టన్ మొదలు పర్సెల్‌విల్ వఱకు 45 మైళ్ల బాటగా నొనర్చిరి. హెర్న్‌డన్, యాష్‌బర్న్ ఊళ్లలో బిడ్డలను చూడబోయిన మన తెలుగు పెద్దలు ఉదయమున నచ్చట నడచుచుందురు.

ముసలికాళ్లకు రైలుకట్ట మిక్కిలి యనువు. ఆవిరియంత్రము నిటారైన యెత్తు నెక్కజాలదు. అందుచే ఇంజనీర్లు గుట్టను తొలిచి, పల్లమును పూడ్చి, వాలు నూటికి ఒకటి రెండు పాళ్లకు మించకుండ సాధ్యమైనంత చూతురు. బొగ్గుబండికై పడిన పాటు మోకాలినొప్పివానికి ఫలించినది!

చిక్కెల్ల భూమితోనే. బండి నిలిచినంతనే ఇరుప్రక్కలవారు కట్టను తలకొక ముక్కగా కలుపుకొందురు. పిదప దానిని మరల కూర్చుట దుర్లభము. రైలు మున్ముందు మరల నవసరపడవచ్చునని, దారిని తెగనీయక అందాక నడకకు విడుచుటకు 1983 లో ఆ దేశమున చట్టమయ్యెను. భూమిగలవారు వ్యాజ్యమాడిరి. 1990 లో సుప్రీముకోర్టు చట్టమును నిలిపెను. పరిహార మడుగుటకు మాత్రము వారికి త్రోవ విడిచెను. అదియు న్యాయమే.

మన దేశమునను వంపులు సరిచేసిన చోట పాతకట్ట తునకలు మిగులుట కలదు. వానిని విక్రయింపక పూర్వము అధికారులు ఒక్క ఉదయము వానిపై నడచి చూడవలెనని నా కోరిక. మా వీథిలో నడువవలెనన్న మోటారుబండ్ల నడుమ గోడ కానుకొని పోవలసియున్నది.