స్ఫటికం – పుట్టుక, మెరుగు, పోషణ

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి మాట్లాడేవారు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత కార్యదర్శిగారు నాకు స్ఫటికం గురించి చెప్పమని పురమాయించారు. ఉద్యోగమంతా ఫైళ్లతో గడిపిన గుమాస్తాకు రాళ్ల సంగతి ఏం తెలుసునని మీరనవచ్చు. రిటైరయ్యాక లైబ్రరీలో చదివినదీ, సాన పట్టే వారినడిగి తెలుసుకున్నదీ మీ ముందుంచుతాను.

మన చేల గట్ల మీద తెల్లగా కనిపించే పలుగురాయి మీరెరుగుదురు. స్ఫటికం కూడా అదే పదార్థం. సిలికాన్, ఆక్సిజన్ కలిసిన సిలికా. ఏటి ఇసుకలో అధిక భాగం కూడా అదే. భూమి లోపల సిలికా కరిగిన వేడినీరు రాతి పగుళ్లలోకి, గుల్లల్లోకి చేరి, క్రమంగా చల్లబడేటప్పుడు ఆరు పలకల కడ్డీలుగా పేరుకుంటుంది. తొందర లేకుండా, చోటు ఇరుకు కాకుండా పెరిగినది నిర్మలంగా ఉంటుంది. లోపల సన్నని నీటి బుడగలు చిక్కుకున్నది పాలలా తెల్లబడి పలుగురాయి అవుతుంది. కాస్త ఇనుము కలిసి, చుట్టుపక్కల రాళ్ల నుంచి వచ్చే రేడియోధార్మికత సోకితే ఊదారంగు వస్తుంది. దాన్నే అమెథిస్ట్ అంటారు. పూర్వం గ్రీకులు స్ఫటికాన్ని ఎన్నటికీ కరగకుండా గడ్డకట్టిన మంచు అనుకున్నారు.

మన నేలకూ దీనికీ పాత చుట్టరికమే ఉంది. 1892లో అలెగ్జాండర్ రీ అనే అధికారి భట్టిప్రోలు స్తూపాన్ని తవ్వించినప్పుడు రాతి పేటికల్లో స్ఫటికపు భరిణ బయటపడింది. క్రీస్తు పూర్వమే ఇంత గట్టి రాయిని తొలిచి మెరుగుపెట్టిన పనివారి నేర్పు ఎంతటిదో ఆలోచించండి.

గట్టిదనానికి పది అంకెల కొలమానం ఉంది. వజ్రం 10, స్ఫటికం 7, మామూలు గాజు సుమారు 5½. 1880లో క్యూరీ సోదరులు స్ఫటికాన్ని నొక్కితే విద్యుత్తు పుడుతుందని కనుగొన్నారు. ఆ గుణం వల్లనే మన క్వార్ట్జ్ వాచీలో చిన్న స్ఫటికపు ముక్క సెకనుకు 32,768 సార్లు కంపించి కాలం చూపుతోంది. వాచీలకు వాడేది కర్మాగారంలో పెంచిన స్ఫటికం.

ఇక మన జేబుకు సంబంధించిన సంగతి. యాత్రాస్థలాల్లో స్ఫటికమాల పేరిట గాజుపూసలు అంటగట్టడం మామూలైపోయింది. స్ఫటికం చేతికి గాజు కంటే చల్లగా తగులుతుంది. భూతద్దంలో చూస్తే గాజులో గుండ్రని బుడగలు కనిపించవచ్చు. పెద్ద గోళమైతే దాని కింద ఒక వెంట్రుక పెట్టి, గోళాన్ని అటూ ఇటూ తిప్పి చూడండి. స్ఫటికంలో ఏదో ఒక వైపు నుంచి వెంట్రుక రెండుగా కనబడుతుంది, గాజులో ఒకటే. చిన్న పూసల్లో ఇది తేలదు. ధర ఎక్కువైతే రత్న పరీక్ష లాబొరేటరీ సర్టిఫికెట్ అడగండి. నోటిమాట మీద ఆఫీసులో ఒక్క బిల్లయినా పాస్ చేశామా?

ఇంకొక మనవి. మాల వేసుకుంటే బి.పి., షుగర్ తగ్గుతాయని అమ్మేవారున్నారు. జపానికి స్ఫటికమాల వాడుకోండి, మన పెద్దలు వాడారు. కాని మాల కొన్నామని మాత్రలు మానవద్దు. డాక్టరు చీటీకి రాయి బదులు కాదు.

పోషణ సులభం. ధూళిలో ఇసుక రేణువులుంటాయి, అవీ స్ఫటికమంత గట్టివే. అందుకని పొడిగుడ్డతో గట్టిగా రుద్దితే ఏళ్ల మీద మెరుగు మాసిపోతుంది. ముందు నీళ్లతో కడిగి, గోరువెచ్చని సబ్బునీటిలో మెత్తని బ్రష్షుతో శుభ్రం చేసి, తర్వాత తుడవాలి. వేడిగా ఉన్నదాన్ని చన్నీళ్లలో ముంచితే పగులుతుంది. వజ్రం, కెంపు, నీలంతో కలిపి ఒకే పెట్టెలో ఉంచితే గీతలు పడతాయి. అమెథిస్ట్ ఎండలో ఎక్కువకాలం ఉంటే వెలుస్తుంది. స్ఫటిక గోళాన్ని ఎండ పడే కిటికీలో ఉంచవద్దు. అది భూతద్దంలా పనిచేసి గుడ్డకో కాగితానికో నిప్పంటించగలదు. మాల దారం చెమటకు చివుకుతుంది, మధ్యమధ్య మార్పించండి.

చివరగా ఈ మెరుగు వెనుక మనుషుల మాట. రాతిని సాన పట్టేటప్పుడు లేచే సన్నని దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ వస్తుంది. ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి, క్షయ తేలిగ్గా అంటుకుంటుంది, పూర్తిగా నయం చేసే మందు లేదు. గుజరాత్‌లోని ఖంభాత్‌లో ఈ జాతిదే అయిన అకీకు రాయిని సాన పట్టే కుటుంబాలు ఈ జబ్బుకు బలయ్యాయి. 1948 ఫ్యాక్టరీల చట్టం దీన్ని నోటిఫై చేసిన జబ్బుల్లో చేర్చింది. అయితే ఇంటి వసారాలో సాన పట్టేవాడికి ఫ్యాక్టరీ ఏది? హాజరు పట్టీ ఏది? మనకు మెడికల్ రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే అర్జీ పెట్టుకునే దారుంది. అతనికి అర్జీ ఎవరికి పెట్టాలో కూడా తెలియదు. నీళ్లు చల్లుతూ సాన పట్టడం, దుమ్ము లాగే యంత్రం అమర్చడం పెద్ద ఖర్చు పనులు కావు. కొనేటప్పుడు ఈ రాయి ఎవరు, ఎలా సాన పట్టారని ఒక్క ప్రశ్న వేయండి. పదిమంది అడిగితే అమ్మేవాడికి జవాబు వెతుక్కోక తప్పదు.