సెహన్ మధ్య గోడ

(పాత ఇళ్ళ మరమ్మతుపై జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



హైదరాబాదు పాతబస్తీలో వారసత్వ కట్టడాల ప్రస్తావన వస్తే చార్మినారు, చౌమహల్లా పేర్లే వినిపిస్తాయి. మేము మాట్లాడదలచినది మనం కాపురముంటున్న ఇళ్ళను గురించి. షాలిబండలో, హుస్సేనీ ఆలంలో నడుమ సెహన్, చుట్టూ దాలాన్లు, వీధివైపు దీవాన్‌ఖానా ఉన్న ఇళ్ళు నేటికీ మిగిలి ఉన్నాయి. వానలకంటే ఎక్కువగా వాటిని కూలుస్తున్నవి సిమెంటు, పంపకాలు.

ఆ గోడలు గానుగలో నూరిన సున్నంతో కట్టినవి. సున్నం చెమ్మను పీల్చి మళ్ళీ గాలికి వదులుతుంది. దానిపై సిమెంటు పూస్తే లోపలి చెమ్మకు దారి ఉండదు. ఉప్పు పేరుకుని ఇటుక పొడిబారుతుంది, పూత పెచ్చులుగా ఊడుతుంది. అప్పుడు మేస్త్రీ వచ్చి, ఇక గోడ పనికిరాదంటాడు. మా సొంత ఇంటిలోనే ఈ పొరపాటు చేసి, తరువాత ఆ సిమెంటును చెక్కించడానికి రెట్టింపు ఖర్చుపెట్టాం.

కొత్త వసతులు కావాలంటే పాత ఇల్లు పడగొట్టక తప్పదన్న మాట నిజం కాదు. స్నానపు గదులను వెనుక జాగాలో వేరే పునాదిపై కట్టుకోవచ్చు. చెద తిన్న దూలం స్థానంలో ఇనుప గర్డరు వేయవచ్చు. కరెంటు తీగలను గోడ తొలవకుండా పైపులలో నడిపించవచ్చు. పాత గోడలపై కాంక్రీటు శ్లాబు మోపేముందు మాత్రం ఇంజనీరును అడిగి తీరాలి. సెహన్‌పై కప్పు వేయకండి. గదులన్నిటికీ వెలుతురు, గాలి అక్కడినుండే వస్తాయి; మన స్త్రీలు ఎవరి కంటా పడకుండా ఆకాశం చూసే చోటు అదే.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాం. వారసత్వ కట్టడాలను కాపాడిన 13వ నిబంధనను 2015లో తొలగించారు. 2017లో కొత్త చట్టం వచ్చింది. 2019లో ఇర్రం మంజిల్ కూల్చివేత నిర్ణయాన్ని హైకోర్టు కొట్టివేసింది. మంచిదే. మన గల్లీలోని సెహన్ కోసం హైకోర్టు మెట్లెక్కేవారెవరు?

ఇక పంపకాలు. మేము మధ్యవర్తులుగా వెళ్ళిన ఒక ఇంట అన్నదమ్ములిద్దరు సెహన్ నడుమ గోడ లేపారు. ఇరువైపులా గదులకు పగలే దీపం కావలసి వచ్చింది. అక్కచెల్లెళ్ళు తమ వాటా అడిగితే, “తాతల ఇల్లు, మాఫ్ చేయండి” అన్నారు. ఆడపిల్లల హక్కు మింగి ఇల్లు నిలబెట్టే పనికి మేము రామని లేచి వచ్చేశాం. షరీఅత్ వాటాలు నిర్ణయించింది గాని, సెహన్‌ను రెండు ముక్కలు చేయమనలేదు. ఒప్పుకున్న ప్రతిఫలం తీసుకుని వారసులు తప్పుకొనే తఖారుజ్ పద్ధతి ఫిఖహ్‌లోనే ఉంది. చివరకు ఇంటికి వెల కట్టించి, దీవాన్‌ఖానాను దర్జీకి అద్దెకిచ్చారు. అక్కచెల్లెళ్ళ సొమ్ము తీరేవరకు ఆ అద్దె వారిదే.

గత షాబాన్‌లో గోడ తీసేశారు. రిజిస్ట్రేషను ఇంకా కాలేదు. దస్తావేజులతోనే ఉద్యోగ జీవితం గడిపినవాళ్ళం, నోటిమాటపై మాకు నమ్మకం తక్కువ. వచ్చే ఆదివారం మళ్ళీ వెళుతున్నాం. ఇటువంటి తగాదా ఉన్న ఇళ్ళవారు అసర్ నమాజు తరువాత మసీదు వద్ద మమ్మల్ని కలవండి. ఇంటి కాగితాలు, వారసుల పేర్లు వెంట తెచ్చుకోండి.