మన ఊరి రాత్రికి ఒక ఛాయాచిత్రము

(బ్రాడీపేటలో గ్రామ యువజనుల ముందు చేసిన ప్రసంగ పాఠము)



మీలో పలువురు పల్లెలనుండి వచ్చి, లైను నంబరు, అడ్డరోడ్డు నంబరు అడుగుకొనుచు ఈ బ్రాడీపేటకు చేరినారు. దారిలో ఒకమారైనను తల యెత్తి చూచితిరా? మేము చూచితిమి. దుకాణముల దీపకాంతిలో పది పదునైదు చుక్కలకంటె కానరాలేదు. మీ చెరువుగట్టుమీద నిలిచినచో ఇంతకు ఎన్నో రెట్లు కనబడును. ఈ ఒక్క విషయమున పట్టణమువారు బీదలు, మీరు భాగ్యవంతులు. రాత్రివేళ ఆకాశమును, దానిక్రింది పొలములను ఛాయాచిత్రములుగా తీయు వేడుకను గూర్చి నేడు నాలుగు మాటలు చెప్పదలచితిమి.

ఇది పైదేశములవారి వేడుక యని కొందరందురు. కాని ఆకాశమునకు ఛాయాచిత్రము తీయుట గుంటూరునకు క్రొత్త కాదు. 1868 ఆగస్టు 18వ తేదీ ఉదయమున సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ ఈ పట్టణముమీదుగా సాగినది. దానిని పరిశీలించుటకై ఫ్రాన్సు దేశమునుండి జాన్సెన్ పండితుడు ఇచటికే వచ్చెను. ఆంగ్లేయుల పక్షమున మేజర్ టెన్నంట్ తన బృందముతో గుంటూరున మకాము వేసి, వెండిపూత అద్దముగల దుర్భిణికి ఛాయాచిత్ర పరికరమును అమర్చెను. నాడు ఫిల్ము లేదు. గాజుపలకకు కొలోడియన్ అను జిగట ద్రవమును పూసి, వెండిలవణము కలిపిన నీట ముంచి, తడి ఆరకమునుపే చిత్రము తీసి కడుగవలెను. ఆగస్టు మాసపు ఉక్కలో ఆ పని ఎంత కష్టమో ఊహించుడు. సంపూర్ణ గ్రహణమో, ఆరు నిమిషములైనను నిండదు. పైగా పలుచని మబ్బులు క్రమ్మినవి. అయినను వారు ఆరు పలకలు తీసిరి. వెలుగు చాలక చిత్రములు మందముగా వచ్చినను, సూర్యబింబపు అంచున కొమ్మువలె లేచిన పెద్ద జ్వాల వానిలో నిలిచినది. ఆ జ్వాలలు వాయుమయములని జాన్సెన్ కనుగొని, మరునాడు గ్రహణము లేకయే వానిని మరల చూడగలిగెను. నాటి గ్రహణమున కానవచ్చిన పసుపురంగు గీత హీలియము అను మూలకమునదని తరువాత తేలినది. భూమిమీద దానిని రామ్సే 1895లో గాని వేరుపరుపలేదు.

హైదరాబాదు నిజామియా వేధశాలవారు చుక్కలను పలకలపై పట్టి, ఏడు లక్షలకు మించి నక్షత్రముల స్థానములను కొలిచి అంతర్జాతీయ పట్టికకు అందించిరి. అచటి ఉద్యోగి కుమారుడైన వేణు బప్పు 1949లో అమెరికాలో చదువుకొనుచు, ఛాయాచిత్ర ఫలకముపై ఒక క్రొత్త తోకచుక్కను గుర్తించెను. దానికి ఆయన పేరును చేర్చిరి.

నేడు ఆ తడి పలకల బాధ లేదు. చేతనున్న ఫోనే చాలును. కావలసినది కదలకుండ నిలుపుట. మూడుకాళ్ల పీట లేకున్న నాలుగిటుకలు పేర్చి ఫోనును ఆనింపుడు. వ్రేలు తగిలిన అదరును గనుక రెండు సెకండ్ల టైమరు పెట్టుడు. ఆకాశము గంటకు 15 డిగ్రీలు తిరుగును. ఇరువది సెకండ్లు దాటిన చుక్కలు గీతలగును. గీతలే కావలెనన్న వరుసగా వందలకొలది చిత్రములు తీసి కలుపవచ్చును. అప్పుడు ధ్రువుని చుట్టును వలయములు ఏర్పడును. మన ప్రాంతమున ధ్రువుడు ఉత్తరదిక్కున దాదాపు 16 డిగ్రీల ఎత్తుననే ఉండును. చేయి చాచి పట్టిన పిడికిలికి ఒకటిన్నర అంత. మంచుకాలమున కటకమును మాటిమాటికి తుడువుడు. మేము తుడువక ఒక రాత్రియంతయు పొగ వంటి చిత్రములు తీసికొని ఇల్లు చేరితిమి.

మార్చిమాసమున, అమావాస్యకు అటునిటు, వేకువ మూడు గంటలకు పాలపుంత నడిభాగము ఆగ్నేయమున పైకి వచ్చును. మిరపకల్లములు నిండుగా ఉండు కాలమదే. ఆ రెంటిని ఒక్క చిత్రమున చూపవలెనని మేమొక కల్లమునకు పోయితిమి. టార్చి వెలుగు చూచి కావలి పెద్దాయన కఱ్ఱ పుచ్చుకొని లేచినాడు. “ఎవరయ్యా అది?” అన్నాడు. చెప్పితిమి. “చుక్కల్ని ఫొటో తీసి ఏం చేసుకుంటారు బాబూ?” అన్నాడు. మాకు వెంటనే సమాధానము తోచలేదు.

కల్లము నడుమ గుంజకు పెద్ద దీపమున్నది. దాని కాంతికి ఆకాశము తెల్లబారినది. ఆర్పుమని అడుగుటకు నోరు రాలేదు. అది ఆయన ఏడాది పంటకు కాపలా. ఆయనయే కొంత ఆలోచించి, “పది నిమిషాలే” అని ఆర్పినాడు. తీసిన చిత్రమును చూపగా చాలసేపు చూచి, “ఇది నా కల్లమే!” అన్నాడు. తరువాత ఆకాశమును చూచి, చిన్నప్పుడు ఇట్లే ఉండేదన్నాడు.

దీపములు వద్దని మేమనము. వీధిదీపములేని చీకటిలో పాముకాటు భయమెట్టిదో మీకు తెలియును. కాని మూత లేని దీపము సగము వెలుగును ఆకాశమునకే పోయుచున్నది. మూత బిగించి నేలవైపు వంచినచో అదే కరెంటుతో బాటయు బాగుగా కానవచ్చును. క్రొత్త దీపములు వేయునపుడు ఈ మాట మీ పంచాయతి సమావేశమున అడుగుడు. చెరువుగట్టునకైనను ఒక చీకటి మూలను మిగుల్పుడు.

రాత్రి ఒంటరిగా పోకుడు. కాళ్లకు చెప్పులుండవలెను. కల్లమువారికి ముందుగా చెప్పి పొండు. మాకు తగిలినంత మంచి కావలివాడు అందరకు దొరకడు. ఆ చిత్రమును అచ్చు వేయించి ఆయనకిచ్చితిమి. ఈసారి తన ఎడ్లను కూడ చేర్చి తీయుమని కబురంపినాడు. వచ్చు అమావాస్యకు పోవుచున్నాము.